సైటు ఉద్యోగం చేస్తూ ఎంటెక్: ఏ దారిలో పోతే బయటపడతాం?

కరకట్ట_కుర్రాడు
సివిల్, 2021 పాసవుట్, జేఎన్‌టీయూకే (కాకినాడ జేఎన్‌టీయూ) కింద కాలేజీ. అమరావతి పనుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర ఎగ్జిక్యూషన్‌లో (సైటులో పని చేయించడం) ఉన్నాను. పొద్దున 8కి రిపోర్టింగ్. సాయంత్రం 8కి వదులుతారని పేరేగానీ, పోర్ (కాంక్రీటు పోసే పని) పడితే తెల్లారుద్ది. ఆదివారం సగం రోజు. చేతికి 38 వేలు, నోటీసు 60 రోజులు, ఇల్లు గుంటూరు. డిజైన్ వైపు మారాలి, అందుకు స్ట్రక్చర్స్‌లో ఎంటెక్ చెయ్యాలని ఆలోచన. నాకు కనపడే దారులు మూడు:
ఒకటి, గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) రాసి, ఉద్యోగం మానేసి ఫుల్‌టైమ్.
రెండు, ఉద్యోగంలో ఉంటూనే ఆన్‌లైన్ లేదా పార్ట్‌టైమ్.
మూడు, ఒక కన్సల్టెన్సీ ఆయన చెప్పింది: "రెగ్యులర్ సీటు ఇప్పిస్తాం, పరీక్షలకి వస్తే చాలు, అటెండెన్సు మేం చూసుకుంటాం."
ఏది చెయ్యమంటారు? "మనసు చెప్పింది విను" లాంటి సలహాలు వద్దు, లెక్కలు కావాలి.

బెంజిసర్కిల్_బాబాయ్
మూడోది మర్చిపో. మిగతా రెండిటి సంగతి తర్వాత మాట్లాడదాం.

గుంటూరు_ఘాటు
ఎందుకు మర్చిపోవాలి బాబాయ్? మన జిల్లాలో సగం మంది లెక్చరర్లు అట్టా చేసినోళ్ళే కదా. డిగ్రీ మీద "పరీక్షలకి మాత్రమే వచ్చెను" అని ముద్ర వేస్తారా ఏంది?

కాంక్రీట్_క్యూబ్
ఘాటు, డిగ్రీ మీద ముద్ర పడదు. పడేది పీఎఫ్ ఖాతాలో.

యూఏఎన్ (పీఎఫ్ నంబరు) సర్వీస్ హిస్టరీలో ఏ కంపెనీలో ఏ తేదీన చేరాడు, ఏ తేదీన మానేశాడు అన్నీ ఉంటాయి. డిగ్రీ చూస్తే అదే రెండేళ్ళు ఫుల్‌టైమ్ రెగ్యులర్. ఒక మనిషి పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా తుళ్ళూరులో కాంక్రీటు పోయిస్తూ, అవే గంటల్లో క్లాసులో కూర్చున్నట్టు కాగితాలు పుడతాయి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసే ఏజెన్సీ మొదట చూసేది ఈ తేదీలే. అప్పుడు రెండిట్లో ఒకటి వదులుకోవాలి. అనుభవం వదులుకుంటే జీతం తగ్గుద్ది. డిగ్రీ వదులుకుంటే కట్టిన డబ్బు పోద్ది. రెండూ నిజమేనని పట్టుబడితే ఆఫర్ లెటరే పోద్ది.

కాలేజీ వైపు కూడా చూడండి. జేఎన్‌టీయూకేలో 75 శాతం అటెండెన్సు ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే వైద్య కారణాలు చూపించి, ఫీజు కట్టి కాండొనేషన్ (మినహాయింపు) అడగొచ్చు. 65 దాటకపోతే పరీక్ష రాయనివ్వరు, ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాలి. "మేం చూసుకుంటాం" అనే ఆయన బయోమెట్రిక్ హాజరు పద్ధతి మారిన రోజున ఫోన్ ఎత్తడు.

గుంటూరు_ఘాటు
సరే, పీఎఫ్ సంగతి నాకు తట్టలేదు. కానీ చిన్న కాంట్రాక్టర్లు చాలామంది పీఎఫ్ కట్టరుగా.

కాంక్రీట్_క్యూబ్
కట్టకపోతే అనుభవం చూపించడానికి బ్యాంకు స్టేట్‌మెంటే దిక్కు. ఆ స్టేట్‌మెంట్‌లోనూ తేదీలు ఉంటాయి. ఎటు తిరిగినా అక్కడికే వస్తాం.

లెక్కలపిచ్చి
లెక్కలు కావాలన్నాడు కాబట్టి ఫుల్‌టైమ్‌కి వేస్తున్నా.
వదులుకునే జీతం: 38,000 × 24 = 9,12,000.
గేట్ స్కోరుతో చేరితే వచ్చే స్టైపెండ్: నెలకి 12,400 × 24 = 2,97,600.
తేడా: 6,14,400. దీని మీద ట్యూషన్ ఫీజు, హాస్టల్, మెస్ వేసుకో. సైటులో ఉంటూ ఖర్చు పెట్టే తిండి, పెట్రోలు ఇందులోంచి తీసెయ్.
ఎంటెక్ తర్వాత ఇప్పటికంటే నెలకి 10 వేలు ఎక్కువొస్తే ఆ 6.14 లక్షలు తిరిగి రావడానికి 61 నెలలు. 20 వేలు ఎక్కువైతే 31 నెలలు. సైటులోనే ఉంటే ఈ రెండేళ్ళలో వచ్చే ఇంక్రిమెంటు నేను కలపలేదు, కలిపితే ఇంకా లాగుద్ది.
కాబట్టి అడగాల్సింది "ఎంటెక్ మంచిదా" అని కాదు. మీ డిజైన్ ఆఫీసులో ఎంటెక్ ఫ్రెషర్‌కి, బీటెక్‌తో అయిదేళ్ళు చేసినవాడికి ఎంత ఇస్తున్నారో కనుక్కో. ఆ తేడా తెలిస్తే మిగతాది కూడికలే.

ప్రైమవేరా_పిల్లోడు
నాకైతే ఎంటెక్ అవసరమే కనపడట్లేదు. ఎగ్జిక్యూషన్‌లో ఉన్నవాడికి దగ్గరి మెట్టు ప్లానింగ్, బిల్లింగ్. ప్రైమవేరా పీ6 (ప్రాజెక్టు షెడ్యూలు వేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుని, సైటులో వారం వారం చేసే లుక్‌అహెడ్ (రాబోయే పనుల ప్లాను) దాంట్లో వెయ్యి. నాలుగేళ్ళ డిగ్రీ ఉన్నవాళ్ళకి 36 నెలల ప్రాజెక్టు అనుభవం, 35 గంటల శిక్షణ ఉంటే పీఎంపీకి (ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్) దరఖాస్తు చేసుకోవచ్చు. ఉద్యోగం మానక్కర్లేదు.

బెంజిసర్కిల్_బాబాయ్
వాడు డిజైన్ అంటే నువ్వు ప్లానింగ్ అంటావు. బెజవాడ వెళ్ళాలన్నవాడికి తెనాలి టికెట్ ఇస్తే ఎట్టా?

ప్రైమవేరా_పిల్లోడు
తెనాలి నుంచి కూడా బెజవాడకి రైళ్ళున్నాయి బాబాయ్ 😄

స్లాబ్_సుందరి
పిల్లోడు చెప్పింది ఎగ్జిక్యూషన్ వాళ్ళకి కరెక్టే. స్ట్రక్చరల్ కన్సల్టెంట్ల దగ్గర మాత్రం వేరు. ప్రకటనల్లోనే "ఎంటెక్ స్ట్రక్చర్స్" అని అడుగుతారు, ఎందుకంటే బీటెక్‌లో డైనమిక్స్, ఫైనైట్ ఎలిమెంట్, భూకంప డిజైన్ పైపైనే అయిపోతాయి. ఈటాబ్స్ (బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్) ఎవరైనా నేర్చుకుంటారు. మోడల్‌లో మోడ్ షేప్ (బిల్డింగ్ ఊగే తీరు) వింతగా వచ్చినప్పుడు ఎందుకొచ్చిందో చెప్పగలవాడే వాళ్ళకి కావాలి.

ఉద్యోగంలో ఉండగానే చెయ్యాల్సిన పని ఒకటుంది. సైటుకి వచ్చే డ్రాయింగుల్లో ఒక బీమ్, ఒక ఫుటింగ్ తీసుకుని ఐఎస్ 456 (కాంక్రీటు డిజైన్ కోడ్) ప్రకారం చేత్తో లెక్క వేసి, కన్సల్టెంట్ ఇచ్చిన స్టీలుతో పోల్చు. తేడా వస్తే ఎందుకో వెతుకు. చాలాసార్లు అది ఐఎస్ 13920 డక్టైల్ డిటెయిలింగ్ (భూకంపానికి తట్టుకునేలా స్టీలు అమర్చే నియమాలు) వల్ల అయి ఉంటుంది. నాలుగు నెలలు ఇది చేశాక కూడా ఆసక్తి నిలిస్తే డిజైన్ నీకు సరిపడుద్ది. విసుగొస్తే 6 లక్షలు మిగులుతాయి.

ఎన్‌పీటెల్_అక్క
సుందరి చెప్పినదానికి తోడుగా ఇంకో పరీక్ష చెప్తా. ఉద్యోగంతో పాటు చదవగలనా లేదా అని ముందే తేల్చుకోవాలంటే ఎన్‌పీటెల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు) 12 వారాల కోర్సు ఒకటి తీసుకో. జనవరిలో, జులైలో మొదలవుతాయి. పాఠాలు ఉచితం, పరీక్ష రాయాలనుకుంటే ఫీజు వెయ్యి రూపాయలు. వారానికో అసైన్‌మెంట్. 12లో మంచివి 8 లెక్కలోకి తీసుకుని 25కి కుదిస్తారు, సెంటర్‌లో రాసే పరీక్ష 75కి. సర్టిఫికెట్‌కి అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30 రావాలి.

సర్టిఫికెట్ కోసం కాదు చెప్పేది. 12లో 8 తీసుకుంటారంటే నాలుగు వారాలు తప్పినా తట్టుకుంటుందన్నమాట. మీ సైటులో నెలకో పెద్ద పోర్ అనుకుంటే పోయేది మూడు వారాలే. నాలుగుకి మించి తప్పుతున్నావంటే ఏ ఆన్‌లైన్ పీజీ అయినా రెండో సెమిస్టర్‌లో ఆగిపోద్ది. ఆ సంగతి వెయ్యి రూపాయలతో తెలుసుకో, లక్షలు కట్టి కాదు.

కరకట్ట_కుర్రాడు
అక్కా, ఇది బాగుంది. జులై బ్యాచ్‌లో స్ట్రక్చరల్ డైనమిక్స్ పెట్టుకుంటా. మరి గేట్ సంగతి? ఈ ఉద్యోగంతో చదవడం అయ్యే పనేనా?

గేట్_కాపలాదారు
అయ్యే పనే, కానీ ముందు ఒక సంగతి అర్థం చేసుకో. గేట్ స్కోరు ఫలితం వచ్చిన రోజు నుంచి 3 ఏళ్ళు చెల్లుద్ది. అంటే పరీక్ష రాయడం, ఉద్యోగం మానడం రెండూ ఒకే ఏడాదిలో జరగాలని లేదు. ఈసారి రాసి స్కోరు జేబులో పెట్టుకో. ప్రాజెక్టులో ఒక దశ అయ్యాకో, ఇంటి అప్పు తగ్గాకో చేరొచ్చు. స్టైపెండ్‌కి మాత్రం చేరేనాటికి స్కోరు చెల్లుబాటులో ఉండాలి.

పరీక్ష 3 గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. దరఖాస్తులు ఆగస్టు చివర, సెప్టెంబరుల్లో. పరీక్ష ఫిబ్రవరి మొదటి సగంలో శని, ఆదివారాల్లో. ఫలితం మార్చిలో. ఒక మార్కు ఎంసీక్యూ (ఒకే జవాబు ఎంచే ప్రశ్న) తప్పయితే మూడో వంతు, రెండు మార్కులదయితే మూడింట రెండు వంతులు కోత. అంకె టైప్ చేసే ప్రశ్నలకీ, ఒకటికి మించి జవాబులు ఎంచే ప్రశ్నలకీ కోత లేదు, వాటిని ఖాళీగా వదలకు.

గంటల లెక్క. సెప్టెంబరు మొదలు జనవరి చివరిదాకా 22 వారాలు. తెల్లవారుజామున గంటన్నర చొప్పున వారంలో 5 రోజులు, ఆదివారం మధ్యాహ్నం నుంచి 5 గంటలు. మొత్తం వారానికి 12.5, అంటే 275 గంటలు. ఇది పూర్తి సిలబస్‌కి చాలదు. అందుకే కత్తిరించాలి. నేనైతే ఇట్టా పంచుతా: ఆప్టిట్యూడ్, మ్యాథ్స్ కలిపి 50 గంటలు, మెకానిక్స్ నుంచి స్టీల్ డిజైన్ దాకా స్ట్రక్చర్స్ 60, జియోటెక్ 40, ఫ్లూయిడ్స్, హైడ్రాలజీ, ఇరిగేషన్ 40, ఎన్విరాన్‌మెంటల్, ట్రాన్స్‌పోర్టేషన్, సర్వేయింగ్ 45, మాక్ టెస్టులు 8, ఒక్కోదానికి రాయడానికి 3, తప్పులు చూసుకోడానికి 2 చొప్పున 40.

ఆప్టిట్యూడ్ 15, మ్యాథ్స్ 13, కలిపి 28 మార్కులు. సివిల్ వాళ్ళు ఎక్కువమంది వీటిని చివరికి నెట్టేస్తారు, అక్కడే పోయేది. కటాఫ్ నియమం చూడు: జనరల్‌కి 25 మార్కులు, లేదా సగటుకి స్టాండర్డ్ డీవియేషన్ కలిపితే వచ్చేది, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. కానీ కటాఫ్ దాటితే సీటొచ్చినట్టు కాదు, స్ట్రక్చర్స్‌కి పోటీ బాగా ఉంటుంది.

పోర్ ఉన్న రాత్రి తర్వాత రోజు చదువు పెట్టుకోకు. ఆర్‌ఎంసీకి (రెడీమిక్స్ కాంక్రీటు) ఇండెంట్ ముందే పెడతారు కాబట్టి ఏ రోజు పోద్దో నీకు తెలుసు. ఆ గంటన్నర ఆదివారంలో వేసుకో. రాత్రంతా మేలుకుని పొద్దున చదివితే పుస్తకం తడిసిపోద్దిగానీ బుర్రకేం ఎక్కదు.

గుంటూరు_ఘాటు
పుస్తకం ఎందుకు తడిసిపోద్ది?

గేట్_కాపలాదారు
చొంగ కారి.

లెక్కలపిచ్చి
కాపలాదారు చెప్పనిది ఒకటి. పరీక్షలోకి మన కాలిక్యులేటర్ రానివ్వరు, తెర మీద వర్చువల్‌దే. మౌసుతో నొక్కాలి. ముందు అంకె, తర్వాత సైన్, కాస్ నొక్కాలి, మన కాసియో అలవాటుకి ఉల్టా. డిగ్రీ, రేడియన్ ఏది ఎంచి ఉందో ప్రతిసారీ చూసుకోవాలి. మాక్ టెస్టులన్నీ దాని మీదే చెయ్యి. వేగం సగానికి పడిపోద్ది మొదట్లో.

కాంక్రీట్_క్యూబ్
అసలు ఇరుక్కునేది పరీక్ష దగ్గర కాదు, నోటీసు దగ్గర. ఎవరూ దీని గురించి మాట్లాడట్లేదు.

ఎన్‌ఐటీల ఎంటెక్ సీట్లు సీసీఎంటీ కౌన్సెలింగ్‌లో, ఐఐటీల ఆఫర్లు కోప్ అనే పోర్టల్‌లో వస్తాయి. ఈ రౌండ్లు మే, జూన్, జులైల్లో నడుస్తాయి. క్లాసులు జులై చివర లేదా ఆగస్టులో. నీకు 60 రోజుల నోటీసు. జులై 25న రిపోర్ట్ చెయ్యాలనుకో, మే 26కే రాజీనామా ఇవ్వాలి. అప్పటికి సీటు చేతిలో ఉండకపోవచ్చు. 90 రోజుల వాళ్ళయితే ఏప్రిల్‌లోనే ఇవ్వాలి, అది చీకట్లో దూకడమే.

అపాయింట్‌మెంట్ లెటర్ తీసి ఇవి చూడు. నోటీసు బదులు డబ్బు కట్టొచ్చని ఉందా, ఉంటే బేసిక్ మీదా, గ్రాస్ మీదా? బేసిక్ మీదయితే నీ జీతానికి పెద్ద భారం కాదు. మిగిలిన ఈఎల్‌ని (వాడని సెలవులు) నోటీసులో సర్దుబాటు చేస్తారా? బాండ్ ఏదైనా సంతకం పెట్టావా? పదో తరగతి మెమో, డిగ్రీ ఒరిజినల్స్ ఆఫీసులో పెట్టుకున్నారా? కొంతమంది కాంట్రాక్టర్లు పెట్టుకుంటారు. సీటొచ్చాక అడిగితే బేరం మొదలవుద్ది, అందుకే ఇప్పుడే, ఏదో బ్యాంకు పని పేరు చెప్పి తెచ్చేసుకో.

చేరేటప్పుడు ఉద్యోగంలో ఉన్నవాళ్ళని రిలీవింగ్ లెటర్ అడుగుతారు. దాంతో పాటు పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (మొత్తం మార్కుల మెమో), టీసీ, మైగ్రేషన్. మైగ్రేషన్‌కి కాకినాడలో యూనివర్సిటీకి దరఖాస్తు ముందే పెట్టుకో.

గేట్_కాపలాదారు
క్యూబ్ అన్నట్టు నోటీసే అసలు చిక్కు. దానికి కోప్‌లో ఒక వెసులుబాటు ఉంది. "రిటైన్ అండ్ వెయిట్" పెడితే చేతిలో ఉన్న ఆఫర్ పోకుండా తర్వాతి రౌండు చూడొచ్చు. సీసీఎంటీలో అయితే ఫ్రీజ్ (ఈ సీటే ఖాయం), ఫ్లోట్ (ఎక్కడైనా మెరుగైన సీటు వస్తే మారడం), స్లైడ్ (అదే కాలేజీలో మెరుగైన కోర్సుకి మారడం). మొదటి రౌండులో ఏదో ఒక సీటు పడి, దానికైనా చేరతానని నిశ్చయించుకున్న రోజే రాజీనామా ఇవ్వు. ఆ సీటు కింద పడదు, మీదకే పోద్ది.

స్లాబ్_సుందరి
స్టైపెండ్ మీద ఒక మాట. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) నుంచి వచ్చేది ఆధార్ లింకయిన సొంత సేవింగ్స్ ఖాతాలోనే పడుతుంది. జాయింటు ఖాతా, జీరో బ్యాలెన్స్ నో-ఫ్రిల్స్ ఖాతా, డిపాజిట్‌కి పరిమితి ఉన్న ఖాతా ఇస్తే తిప్పికొడతారు. కేటగిరీ సర్టిఫికెట్ అడిగినవాళ్ళు కొత్తది తీసుకోవాలి, పాత ఓబీసీ కాగితం పనికిరాదు. మొదటి విడత ఆలస్యమవడం మామూలే, నాలుగు నెలల ఖర్చు విడిగా పెట్టుకోకుండా చేరకండి. ఎన్‌ఐటీ, ఐఐటీల్లో ఆ డబ్బుకి బదులుగా వారానికి 8 గంటలు ల్యాబ్, ట్యుటోరియల్ పని ఉంటుంది.

నైట్‌షిఫ్ట్_నాగమణి
కొంచెం పక్కకి వెళ్తున్నా, ఏమనుకోవద్దు. సాఫ్ట్‌వేర్, గుంటూరు లక్ష్మీపురం నుంచి వర్క్ ఫ్రం హోమ్, అమెరికా షిఫ్ట్, సాయంత్రం 6:30 నుంచి తెల్లవారి 3:30. ఆన్‌లైన్ ఎంఎస్ లేదా ఎంటెక్ చూస్తున్నా. బిట్స్ పిలానీ విల్ప్ (ఉద్యోగుల కోసం నడిపేది), జార్జియా టెక్ ఓఎంఎస్‌సీఎస్ (ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ ఎంఎస్) అని రెండు పేర్లు వినపడుతున్నాయి.

ఎన్‌పీటెల్_అక్క
నాగమణీ, రెండిటి తీరూ వేరు.

విల్ప్‌లో ఎంటెక్ నాలుగు సెమిస్టర్లు. క్లాసులు ఎక్కువగా వారాంతాల్లో, లైవ్. చేరేటప్పుడే మీ సంస్థ నుంచి ఎంప్లాయర్ కన్సెంట్, అక్కడే పనిచేసే ఒకరి నుంచి మెంటర్ కన్సెంట్ కావాలి. చివరి సెమిస్టర్‌లో డిసర్టేషన్ నీ ఉద్యోగ పని మీదే ఉంటుంది. ఇక్కడ దెబ్బతినేది ఎక్కడంటే మధ్యలో కంపెనీ మారినప్పుడు. కొత్తవాళ్ళు కన్సెంట్ ఇవ్వకపోతే డిసర్టేషన్ దగ్గర ఆగుతుంది. ఆ ఆరు నెలల్లో ఉద్యోగం మారకుండా ప్లాన్ చేసుకో.

ఓఎంఎస్‌సీఎస్ 2014లో మొదలైంది. 10 కోర్సులు, మొత్తం ఖర్చు 7 వేల డాలర్ల చుట్టూ, 6 ఏళ్ళ దాకా తీసుకోవచ్చు. మొదటి 12 నెలల్లో రెండు ఫౌండేషన్ కోర్సుల్లో బీ లేదా అంతకంటే మెరుగు తెచ్చుకోవాలి. చాలా కోర్సుల్లో గడువు ఆదివారం అర్ధరాత్రి ఏఓఈ (భూమ్మీద అన్నిటికంటే వెనక నడిచే టైమ్), అంటే మనకి సోమవారం సాయంత్రం 5:29. నీ షిఫ్ట్ మొదలయ్యేది 6:30కి! సోమవారం మీద ఆధారపడకుండా శనివారం రాత్రికే సబ్మిట్ చేసే అలవాటు పెట్టుకో.

పరీక్షలు వెబ్‌క్యామ్ నిఘాలో జరుగుతాయి, గది అంతా కెమెరాలో తిప్పి చూపించాలి. కరెంటు పోతే రౌటర్ ఆగకూడదు. ఇన్వర్టర్ లైను మీద రౌటర్ ఉందా చూసుకో, చాలా ఇళ్ళల్లో ఫ్యాను, లైటుకే ఇస్తారు. ఫోన్ హాట్‌స్పాట్ రెడీగా ఉంచు.

బెంజిసర్కిల్_బాబాయ్
దాంతో అమెరికా వెళ్ళొచ్చనుకునేవాళ్ళు కూడా ఉన్నారు, అది కూడా చెప్పక్కా.

ఎన్‌పీటెల్_అక్క
అవును. ఓఎంఎస్‌సీఎస్ పూర్తిగా ఆన్‌లైన్. ఎఫ్-1 (స్టూడెంట్) వీసా రాదు, ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి) రాదు. వెళ్ళడమే లక్ష్యమైతే క్యాంపస్ ఎంఎస్ వేరే లెక్క. దానికి జీఆర్‌ఈ స్కోరు 5 ఏళ్ళు, ఐఈఎల్‌టీఎస్ 2 ఏళ్ళు చెల్లుతాయి. కాబట్టి జీఆర్‌ఈ ఇప్పుడు, ఐఈఎల్‌టీఎస్ దరఖాస్తు చేసే ఏడాదిలో. సివిల్ వాళ్ళు కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ ఎంచుకునేటప్పుడు ఆ కోర్సు సీఐపీ కోడ్ (అమెరికాలో కోర్సు ఏ కోవలోదో చెప్పే నంబరు) ఏంటో యూనివర్సిటీని ముందే అడగాలి. 14తో మొదలయ్యేది ఇంజనీరింగ్, దానికి ఓపీటీ మీద స్టెమ్ (సైన్స్, ఇంజనీరింగ్ చదువులకిచ్చే) పొడిగింపు 24 నెలలు. అదే పేరుతో బిజినెస్ స్కూలు కింద నడిచే కోర్సులు 52తో మొదలవుతాయి, అక్కడ ఆ పొడిగింపు ఉందో లేదో జాబితాలో చూసుకోకుండా డబ్బు కట్టకూడదు.

కరకట్ట_కుర్రాడు
మన దగ్గర దూరవిద్యలో ఎంటెక్ ఉండదా? ఫోన్లు వస్తూనే ఉన్నాయి, "వన్ సిట్టింగ్" (పరీక్షలన్నీ ఒకేసారి రాసేసి డిగ్రీ) అని.

కాంక్రీట్_క్యూబ్
దూరవిద్యలో ఇంజనీరింగ్ లేదు. యూజీసీ 2020 నిబంధనల్లోనే ఇంజనీరింగ్, వైద్యం, ఫార్మసీ, నర్సింగ్, ఆర్కిటెక్చర్, లా లాంటివి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నిషేధం. 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు, కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల మీద తీర్పిచ్చింది. ఏళ్ళ తరబడి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకి కూడా చుట్టుకుంది. "వన్ సిట్టింగ్" అన్న మాట వినపడగానే ఫోన్ పెట్టెయ్.

దూరవిద్యలో ఎంబీఏ అయితే దర్జాగా చెయ్యొచ్చు. ఇగ్నోకి విజయవాడలో రీజినల్ సెంటర్ ఉంది, నాగార్జున యూనివర్సిటీకి దూరవిద్యా కేంద్రం ఉంది. ఇగ్నోలో అసైన్‌మెంట్లకి 30, టర్మ్ ఎండ్‌కి 70 శాతం వెయిటేజీ. పరీక్షలు జూన్, డిసెంబరు. అసైన్‌మెంట్ ఇవ్వకుండా పరీక్ష ఒక్కటే రాసేస్తే ఆ పేపరు పూర్తయినట్టు కాదు. 2024 నుంచి చేరేవాళ్ళందరికీ డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్యా విభాగం నంబరు) తప్పనిసరి. దానికి ముందు ఏబీసీ ఐడీ (విద్యార్థి క్రెడిట్ల ఖాతా నంబరు) తీసుకోవాలి.

గుంటూరు_ఘాటు
మరి ఎంటెక్‌కి సాయంత్రం కాలేజీలు ఉండవా? పాతరోజుల్లో ఉండేవంటారు.

స్లాబ్_సుందరి
ఉన్నాయి, కానీ వెతకాలి. పనిచేసేవాళ్ళ కోసం వీలైన వేళల్లో విడిగా బ్యాచ్‌లు నడుపుకోడానికి ఏఐసీటీఈ 2023-24 నుంచి అనుమతులిస్తోంది. కనీసం ఏడాది అనుభవం ఉండాలి, పనిచేసే చోటు కాలేజీకి నిబంధనల్లో చెప్పిన దూరం లోపు ఉండాలి. తుళ్ళూరు నుంచి చూస్తే గుంటూరు కాలేజీలు, బెజవాడ కాలేజీలు రెండూ ఆ పరిధిలోకే వస్తాయి. కాలేజీవాళ్ళ మాట మీద నమ్మకు. ఆ ఏడాది ఈఓఏ లెటర్ (ఏఐసీటీఈ అనుమతి పత్రం) అడుగు, అందులో నీ కోర్సు పక్కన "వర్కింగ్ ప్రొఫెషనల్స్" అని, సీట్ల సంఖ్యతో సహా ఉండాలి. అది లేకుండా "సాయంత్రం బ్యాచ్" అంటే మళ్ళీ నీ మూడో దారే.

మేనేజ్‌మెంట్, డిజైన్ మధ్యలో ఉండేది కావాలంటే విజయవాడ స్పాలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) బిల్డింగ్ ఇంజనీరింగ్ అండ్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ ఉంది. ఫుల్‌టైమ్. ఇంటికి దగ్గర, అదొక్కటే లాభం అనుకోకు. స్ట్రక్చర్స్ మాత్రం కాదు.

బెంజిసర్కిల్_బాబాయ్
కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులెవరైనా చదువుతుంటే వాళ్ళ కోసం. రాజీనామా ఇవ్వక్కర్లేదు, స్టడీ లీవు ఉంది. సీసీఎస్ (కేంద్ర సివిల్ సర్వీసుల) లీవ్ రూల్స్ ప్రకారం 5 ఏళ్ళ సర్వీసు ఉండాలి, మామూలుగా ఒక్కసారికి 12 నెలలు, మొత్తం సర్వీసులో 24 నెలలు. తిరిగొచ్చి 3 ఏళ్ళు చేస్తానని బాండ్ రాయాలి. చదువు మన ఉద్యోగ పనికి సంబంధించినదై ఉండాలి. అన్నిటికంటే ముందు, గేట్ దరఖాస్తుకి ముందే పై అధికారికి కాగితం పెట్టి దాఖలా ఉంచుకోండి. సీటొచ్చాక ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) అడిగితే ఫైలు మూడు టేబుళ్ళు తిరిగేలోపు చేరే గడువు అయిపోద్ది.

లెక్కలపిచ్చి
మానేసేవాళ్ళకి డబ్బు విషయాలు మూడు, ఎవరూ చూడనివి.
కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ చివరి పనిదినంతో పోద్ది. అమ్మానాన్నలు దాంట్లో ఉంటే, అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మార్చుకుంటామని మానకముందే అడగాలి. అట్టా మారితే పాత జబ్బుల వెయిటింగ్‌లో గడిచిన కాలం కలిసొస్తుంది. మానేశాక కొత్తది తీసుకుంటే మొదటినుంచి మొదలు.
పీఎఫ్ తియ్యకు. 5 ఏళ్ళ సర్వీసు నిండకముందు తీస్తే పన్ను పడుద్ది. 2021లో చేరి ఉంటే 5 ఏళ్ళకి ఎంత దూరంలో ఉన్నావో చూసుకో, గ్రాట్యుటీకీ అదే గీత. కొద్ది నెలల తేడా అయితే ఆగడమే లాభం, స్కోరు ఎలాగూ 3 ఏళ్ళు ఉంటుంది.
విద్యారుణం తీసుకుంటే ఆదాయపు పన్నులో వడ్డీకి 8 ఏళ్ళు మినహాయింపు. అసలుకి లేదు. పాత పన్ను విధానంలోనే. బాబాయ్ దగ్గర చేబదులు తీసుకుంటే వర్తించదు.

బెంజిసర్కిల్_బాబాయ్
నా దగ్గర అసలే లేవు నాయనా.

ప్రైమవేరా_పిల్లోడు
ఇంత చదివాక కూడా నా మాట అదే. డిజైన్ ఆఫీసుకి మారాక మొదటి రెండేళ్ళు జీతం తగ్గొచ్చు. సైటు అలవెన్సు, ఓటీ ఉండవు. లెక్కలపిచ్చి కూడికలో అది కూడా వెయ్యాలి.

లెక్కలపిచ్చి
న్యాయమైన మాట. 38లో సైటు అలవెన్సు ఎంతో కుర్రాడు చెప్తే మళ్ళీ వేస్తా.

కరకట్ట_కుర్రాడు
6 వేలు. ఓటీ లేదు, "కాంప్ ఆఫ్" అంటారు, ఎప్పుడిస్తారో వాళ్ళకే తెలియదు.

లెక్కలపిచ్చి
అయితే బీటెక్‌తో డిజైన్‌కి పోతే నీ జీతం 32 నుంచి మొదలనుకో. ఎంటెక్ తర్వాత 45 వస్తే తేడా 13 వేలు, కానీ నువ్వు వదులుకున్నది 38 వేల ఉద్యోగం కాబట్టి తిరిగొచ్చే లెక్క 7 వేల మీదే వెయ్యాలి. 6,14,400ని 7,000తో భాగిస్తే 88 నెలలు. 50 వస్తే 12 వేల మీద 51 నెలలు. నీ నిర్ణయం ఈ 45కీ 50కీ మధ్యే ఉంది. సరిగ్గా అందుకే మొదట జీతాలు కనుక్కోమన్నది.

స్లాబ్_సుందరి
అసలు బీటెక్‌తోనే 32కి ఎవరైనా డిజైన్‌లోకి తీసుకుంటారేమో అడిగి చూడు. సైటు చూసినవాడు డిటెయిలింగ్‌లో పనికొస్తాడని తీసుకునే చిన్న కన్సల్టెంట్లు బెజవాడలో ఉన్నారు. ఆఫీసు వేళలు దొరికితే గేట్‌కి వారానికి 12.5 గంటలు కాస్తా 20 అవుతాయి.

కరకట్ట_కుర్రాడు
ఇది నాకు తట్టలేదు అక్కా. ముందు రెజ్యూమె పంపి చూస్తా, జులైలో ఎన్‌పీటెల్, గేట్ ఎలాగూ దరఖాస్తు పెడతా. చివరి ప్రశ్న: పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం ముందు ఉంది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా చివర ఉంది. గేట్ ఫారంలో ఏది రాయాలి?

గేట్_కాపలాదారు
పరీక్ష హాలుకి ఏ ఐడీ తీసుకెళ్తావో దాంట్లో ఉన్నట్టు. మెమోకి, ఆధార్‌కి తేడా ఉంటే ఆగస్టు లోపే ఆధార్‌ని మెమో ప్రకారం మార్పించుకో, డిగ్రీ కూడా మెమో ప్రకారమే ఉంటుంది కాబట్టి. మీ సేవలో స్లిప్పు తీసుకునేముందు తెర మీద స్పెల్లింగ్ నువ్వే చదువు, ఆపరేటర్ మీద వదలకు. ఫోటో కూడా కొత్తది దిగు, హెల్మెట్‌తో ఉన్న సైటు ఫోటో కాదు.

గుంటూరు_ఘాటు
హెల్మెట్ తీస్తే మావాడిని సూపర్‌వైజర్ కూడా గుర్తుపట్టడు కాపలా అన్నా.